తెర పెద్దదే.. పెన్ను ఎవరి చేతిలో ఉంది?

అభిప్రాయం

ఫోన్ రివ్యూ చేసేటప్పుడు మనం చూసేవి తెలిసినవే. డిస్‌ప్లే ఎంత, ర్యామ్ ఎంత, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ధరకు తగ్గట్టు ఉందా లేదా. తరగతి గదిలో పెట్టే ఇంటరాక్టివ్ ప్యానెల్‌ను కూడా మనోళ్లు అచ్చం ఇలాగే చూస్తున్నారు. 4కె రిజల్యూషన్ ఉందా? ఒకేసారి ఎన్ని వేళ్లు పెడితే పనిచేస్తుంది? ఆండ్రాయిడ్ వెర్షన్ ఏంటి? ఇవి అడగాల్సినవే. కానీ ఆ ప్యానెల్ ముందు కూర్చునేది మనలాంటి గ్యాడ్జెట్ పిచ్చోళ్లు కాదు. నారాయణపేట దగ్గరో, దేవరకొండ దగ్గరో ఒక హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదివే నలభై మంది పిల్లలు. వాళ్ల వైపు నుంచి చూస్తే స్పెక్స్ షీట్‌లో లేని ఒక్క ప్రశ్నే మిగులుతుంది. పీరియడ్ మొత్తంలో ఆ స్క్రీన్ పెన్ను ఎవరి చేతిలో ఉంది?

నా వాదన ఇంతే: ప్యానెల్ మంచి వస్తువే, కానీ పిల్లలు దాన్ని కళ్లప్పగించి చూడటాన్ని చదువు అనుకోవద్దు. చూడటం వేరు, పాల్గొనడం వేరు. ఈ తేడా పట్టించుకోకపోతే లక్షలు పెట్టి కొన్నది పెద్ద టీవీ అవుతుంది, అంతే.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకంటే

2022 మార్చి 8న వనపర్తిలో 'మన ఊరు - మన బడి' కార్యక్రమం మొదలైంది. ఉమ్మడి పాలమూరు గడ్డ మీదే. 26,065 ప్రభుత్వ బడులను బాగు చేయాలని, అందుకు 7,289 కోట్ల రూపాయలు ఖర్చు పెట్టాలని అప్పట్లో లెక్క. మొత్తం 12 రకాల పనులు. టాయిలెట్లు, కరెంటు, తాగునీరు, బెంచీలు, ప్రహరీ గోడ.. ఆ వరసలోనే డిజిటల్ విద్య కూడా ఉంది. ఆ తర్వాత హైస్కూళ్లకు విడతలవారీగా ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు వచ్చాయి. సార్లు, పిల్లలు వీటిని ముద్దుగా 'ఐఎఫ్‌పీ' అంటున్నారు.

ప్రభుత్వం మారినా ఈ దారి మారలేదు. 2024 అక్టోబర్ 11న ఒకప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని కొందుర్గులో యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ గురుకులానికి శంకుస్థాపన జరిగింది. కొత్త క్యాంపస్ అంటే కొత్త తెరలు కూడా వస్తాయి. మరోవైపు నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో ప్రైవేటు స్కూళ్ల ఫ్లెక్సీల మీద 'డిజిటల్ క్లాస్‌రూమ్' అన్న మాట లేనిదే అడ్మిషన్ల సీజన్ మొదలు కావట్లేదు. అంటే ప్రభుత్వమైనా, తల్లిదండ్రులైనా డబ్బు పెడుతున్నారు. ఆ డబ్బుకు పిల్లలకు ఏం దక్కుతోందో అడగాల్సిన టైమ్ ఇదే.

పాలమూరుకు తెర కొత్త కాదు

ఈ తరం పిల్లలకు తెలియని ముచ్చట ఒకటి. దేశంలో చాలా పట్నాలకు టీవీ రాకముందే పాలమూరు పల్లెలకు టీవీ వచ్చింది. 1975 ఆగస్టు 1న 'సైట్' అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం మొదలైంది. అమెరికా నాసా ఏటీఎస్-6 ఉపగ్రహం ఇచ్చింది, మన ఇస్రో ఇక్కడ నడిపించింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఎంచుకున్న జిల్లాల్లో మహబూబ్‌నగర్ కూడా ఉంది. కోళ్ల గూటికి కట్టే జాలీలాంటి తీగతో చేసిన మూడు మీటర్ల డిష్, దాని కింద ఒక బ్లాక్ అండ్ వైట్ టీవీ. ఆ సెట్లు తయారైంది మన హైదరాబాద్ ఈసీఐఎల్‌లో. పొద్దున బడి పిల్లలకు సైన్సు కార్యక్రమాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం.

1976 జులై 31తో ప్రయోగం ముగిసింది. ఉపగ్రహం వెళ్లిపోయింది. ఏడాది పాటు ఊరంతా చూసిన తెర ఆరిపోయింది. దానికి కారణం టెక్నాలజీ ఫెయిల్ కావడం కాదు. ఏడాదే అని ముందే అనుకున్నారు. కానీ దాంట్లో ఒక పాఠం ఉంది. పిల్లలు ఎంత ఇష్టంగా చూసినా అది ఒకవైపు నుంచి వచ్చే మాట. పిల్లాడు అడిగితే ఆ టీవీ జవాబు చెప్పదు. చెప్పాల్సింది పక్కన నిలబడ్డ పంతులే. ఆ సంగతి ఆనాటి వాళ్లకు తెలుసు. అందుకే ఆ ఏడాదిలోనే వేల మంది ప్రైమరీ టీచర్లకు సైన్సు బోధనలో శిక్షణ కూడా ఇచ్చారు.

తర్వాత 2016లో తెలంగాణ హైస్కూళ్లలో డిజిటల్ తరగతులు మొదలయ్యాయి. ప్రొజెక్టర్, కంప్యూటర్ కలిపిన డబ్బాలతో గోడ మీద పాఠం పడేది. గది చీకటి చేస్తేనే సరిగా కనిపించేది. ఆ చీకట్లో నోట్స్ ఎలా రాయాలో ఎవరూ చెప్పలేదు. 2020 సెప్టెంబర్ 1న, కరోనా కాలంలో, టీశాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్లలో పాఠాలు వచ్చాయి. బడి మూతపడ్డ రోజుల్లో అది నిజంగా పెద్ద ఆసరా. కానీ అది కూడా ఒకవైపు మాటే. ఇంట్లో టీవీ ముందు కూర్చున్న పిల్లకు అర్థమైందో లేదో టీవీకి తెలియదు.

ఇప్పుడు వచ్చిన ప్యానెల్ ఈ మూడింటికీ భిన్నం. దీన్ని తాకొచ్చు, రాయొచ్చు, జరపొచ్చు, తుడపొచ్చు, దాచుకోవచ్చు. యాభై ఏళ్లలో మొదటిసారి తెర రెండువైపులా మాట్లాడే అవకాశం వచ్చింది. కానీ దాన్ని మనం మళ్లీ ఒకవైపు టీవీలాగే వాడితే 1975కూ ఇప్పటికీ తేడా రంగులే.

కొత్త మోజు ఎన్నాళ్లు?

కొత్త ఫోన్ కొన్న మొదటి వారం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కవర్ తీయడానికి కూడా మనసొప్పదు. మూడు నెలలకు అది మామూలు ఫోన్. తరగతి గదిలో కూడా ఇదే జరుగుతుంది.

దీనికి పెద్ద ఉదాహరణ బ్రిటన్. అక్కడ 2000 తర్వాత ప్రభుత్వం ఇంటరాక్టివ్ వైట్‌బోర్డుల మీద భారీగా ఖర్చు పెట్టింది. లండన్ సెకండరీ స్కూళ్లలో అవి ఎలా పనిచేశాయో పరిశీలించి 2007లో నివేదిక వేశారు. మొదట్లో పిల్లల్లో ఉత్సాహం పెరిగింది నిజమే. కానీ ఆ కొత్తదనం ఎక్కువ కాలం నిలవలేదు. మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కొన్ని క్లాసుల్లో పిల్లలు ఒకరి తర్వాత ఒకరు బోర్డు దగ్గరికి వెళ్లడంతోనే సమయం పోయి, పాఠం నెమ్మదించింది.

విద్యా పరిశోధకులు పిల్లల 'పాల్గొనడాన్ని' మూడు రకాలుగా విడదీస్తారు. ఒకటి నడవడిక: బడికి రావడం, కుదురుగా కూర్చోవడం, చెప్పిన పని చేయడం. రెండోది మనసు: ఇష్టం, ఉత్సాహం, ఈ బడి నాది అన్న భావన. మూడోది బుర్ర: కష్టమైనదాన్ని అర్థం చేసుకోవడానికి తనే తంటాలు పడటం. ప్యానెల్ ఆన్ చేయగానే మొదటి రెండూ పెరుగుతాయి. క్లాసు నిశ్శబ్దమవుతుంది, కళ్లన్నీ ముందుకే. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఆఫీసర్‌కు చూడముచ్చటగా ఉంటుంది. కానీ మూడోది పెరగాలంటే తెర ఒక్కటే చాలదు. పిల్ల ఆలోచించక తప్పని ప్రశ్న కావాలి. ఆ ప్రశ్న యాప్‌లో ఉండదు. సార్ దగ్గర ఉంటుంది, మేడమ్ దగ్గర ఉంటుంది.

45 నిమిషాలు, 40 మంది: లెక్క చూద్దాం

కంపెనీ బ్రోచర్‌లో 'ఇంటరాక్టివ్' అని రాస్తే మనం నమ్మేస్తాం. ఒకసారి లెక్క వేయండి. పీరియడ్ 45 నిమిషాలు. హాజరు, కిందటి పాఠం గుర్తుచేయడం పోగా 35 మిగులుతాయి. క్లాసులో 40 మంది. ఒక్కొక్కరు లేచి, బెంచీల మధ్య నుంచి వచ్చి, పెన్ను పట్టుకుని, రాసి, వెళ్లి కూర్చోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. పాఠం చెప్పే సమయం తీసేస్తే ఒక పీరియడ్‌లో ఐదారుగురికి మించి అవకాశం రాదు. ఆ ఐదారుగురు ఎవరో కూడా మీకు తెలుసు. ముందు బెంచీలో కూర్చుని 'సార్ నేను, సార్ నేను' అని చెయ్యెత్తేవాళ్లే.

మిగతా 34 మంది ఏం చేస్తున్నారు? చూస్తున్నారు. వెనక బెంచీ వాళ్లకు అది కూడా కష్టమే. 75 అంగుళాల తెర ఎత్తు సుమారు 93 సెంటీమీటర్లు. అక్షరాలు హాయిగా చదవాలంటే తెర ఎత్తుకు ఆరు రెట్ల దూరం దాటి కూర్చోకూడదని ఒక మామూలు లెక్క ఉంది. అంటే సుమారు 18 అడుగులు. ఇరవై అడుగుల గదిలో చివరి బెంచీ ఆ గీత దగ్గరే ఉంటుంది. సార్ చిన్న అక్షరాల పీడీఎఫ్ తెరిచారంటే వెనకాల కూర్చున్నోడికి అది చీమల బారు.

కాబట్టి అసలు ఇంటరాక్షన్ తెర మీద కాదు, తెర చుట్టూ జరగాలి. ప్రశ్న తెర మీద ఉండాలి, జవాబు నలభై నోట్‌బుక్కుల్లో రావాలి. ఇద్దరిద్దరు ఒక నిమిషం మాట్లాడుకోవాలి. ఆ తర్వాతే ఒకరు లేచి రావాలి. ఆ వచ్చేవాళ్లను కూడా చెయ్యెత్తినవాళ్లలోంచి కాకుండా చీటీ తీసి పిలవాలి. ఇది ఏ టెండర్‌లోనూ లేని ఫీచర్. ఖర్చు సున్నా.

వేగంగా నొక్కినోడే గెలిస్తే?

క్విజ్ యాప్‌ల గురించి కూడా చెప్పుకోవాలి. కహూట్ లాంటివి క్లాసును జాతరలా మార్చేస్తాయి. మ్యూజిక్, టైమర్, లీడర్‌బోర్డు. పిల్లలకు భలే ఇష్టం. కానీ ఎవరు త్వరగా నొక్కితే వాళ్లకు ఎక్కువ పాయింట్లు అన్న ఆటలో రెండు వారాలకే పైన నాలుగు పేర్లు స్థిరపడిపోతాయి. ఐదో వారంలో మిగతావాళ్లు జవాబు ఆలోచించడం మానేసి ఏదో ఒకటి నొక్కడం మొదలుపెడతారు. మోటివేషన్ పెంచాలని తెచ్చిన ఆట, బాగా చదివేవాళ్ల మోటివేషన్ మాత్రమే పెంచుతుంది. పైగా ప్రతి పిల్ల చేతిలో ఒక డివైస్ కావాలి. మన బడుల్లో అది జరిగే పని కాదు.

దీనికి బదులు నాకు నచ్చింది ప్లికర్స్. పిల్లల చేతిలో ఫోన్ అక్కర్లేదు. ఒక్కొక్కరికి ఒక పేపర్ కార్డు. దాని మీద నలుపు తెలుపు గళ్ల బొమ్మ ఉంటుంది. ఏ అంచు పైకి పట్టుకుంటే ఆ జవాబు: ఎ, బి, సి, డి. సార్ తన ఫోన్ కెమెరాతో క్లాసును ఒకసారి అటు నుంచి ఇటు చూపిస్తే అందరి జవాబులు లెక్కలోకి వచ్చేస్తాయి. ప్రతి కార్డు బొమ్మ వేరు కాబట్టి పక్కోడిది చూసి కాపీ కొట్టలేరు. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల జవాబు కూడా సార్‌కు చేరుతుంది. తప్పు చెప్పినా క్లాసు ముందు నవ్వులపాలు కాదు. జిరాక్స్ ఖర్చుతో అయిపోయే పని. నలభై మందిలో ఇరవై ఐదు మంది 'బి' అన్నారంటే, ఆ తప్పు ఎక్కడ పుట్టిందో సార్‌కు వెంటనే తెలుస్తుంది. ఎఫ్‌ఏ పరీక్ష దాకా ఆగక్కర్లేదు.

పాజ్ బటనే అసలు హీరో

2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగుగా అచ్చయ్యాయి. ఆ పుస్తకం పట్టుకుని కూర్చున్న పిల్లకు తెర మీద గబగబా మాట్లాడే ఇంగ్లిష్ వీడియో పెడితే ఏమవుతుంది? బొమ్మలు బాగుంటాయి, మాట ఎక్కదు. పన్నెండు నిమిషాల వీడియో అయ్యాక 'అర్థమైందా?' అంటే 'అయింది సార్' అని కోరస్ వస్తుంది. ఆ కోరస్‌ను ఏ టీచరూ నమ్మరు.

ఇక్కడ పనికొచ్చేది 20 పాయింట్ టచ్ కాదు, పాజ్ బటన్. నలభై సెకన్లు చూపించి ఆపాలి. 'ఇప్పుడేం జరిగింది? నీ మాటల్లో చెప్పు' అని తెలుగులో అడగాలి. 'ఇప్పుడేమైతది అనుకుంటున్నవ్?' అని ఊహించమనాలి. తర్వాత మళ్లీ ప్లే. ఊహించిన పిల్లకు జవాబు తెలుసుకోవాలన్న తొందర ఉంటుంది. మోటివేషన్ అంటే అదే. పాయింట్లు, స్టార్లు దాని తర్వాత.

వీడియో కన్నా మెరుగైనవి సిమ్యులేషన్లు. కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్, లెక్కలకు జియోజెబ్రా. రెండూ ఉచితం, డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేకపోయినా నడుస్తాయి. ఫెట్‌లో బల్బు, బ్యాటరీ, వైర్లు కలిపి సర్క్యూట్ కట్టొచ్చు. తప్పుగా కడితే బల్బు వెలగదు. ఎందుకు వెలగలేదో క్లాసంతా కలిసి వెతకాలి. అలా తప్పు చేసి, వెతికి, సరిచేసుకునే చోటే ప్యానెల్ తన ధరకు న్యాయం చేస్తుంది.

సోషల్ పాఠం సంగతి చూడండి. కృష్ణా నది గురించి చెప్పాలి. శాటిలైట్ మ్యాప్ తెరిచి జూరాల నుంచి శ్రీశైలం మీదుగా నాగార్జునసాగర్ దాకా నది వెంట వేలితో వెళ్లమనండి. నది ఒడ్డునే ఉన్నా ఏ ఊళ్లకు కాల్వ నీళ్లు రాలేదు, ఎందుకు? గట్టు ఎత్తు ఎంత, ఊరి ఎత్తు ఎంత? మర్రిగూడ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎందుకు అంత పెద్ద సమస్య అయింది? తన తాత నడుం ఎందుకు వంగిపోయిందో తెలుసుకునే పాఠం అది. తన ఊరిని తనే తెర మీద వెతికి పట్టుకున్న పిల్లాడికి వేరే మోటివేషన్ స్పీచ్ ఇవ్వక్కర్లేదు.

బడికి రాని రోజుల సంగతేంటి?

దక్షిణ తెలంగాణలో ఈ చర్చ చేస్తూ ఒక సంగతి వదిలేస్తే అది అబద్ధమే అవుతుంది. పత్తి ఏరే రోజుల్లో క్లాసులు పలచబడతాయి. నడిగడ్డలో సీడ్ పత్తి క్రాసింగ్ పనులకు బడి ఈడు పిల్లలు పోవడం ఏళ్లుగా వార్తల్లో ఉన్నదే. పాలమూరు నుంచి వలస పోయే కుటుంబాలతో పిల్లలూ పోతారు. నెల తర్వాత తిరిగొచ్చిన పిల్లకు క్లాసులో ఏం జరుగుతోందో తెలియదు. ఆ పిల్ల ముందు 4కె తెర ఉన్నా, నల్లబల్ల ఉన్నా ఒకటే. బడి మానేయడం చాలాసార్లు ఇలాంటి నెలలోనే మొదలవుతుంది.

విచిత్రమేంటంటే నల్లబల్ల చేయలేని సాయం ప్యానెల్ ఇక్కడే చేయగలదు. బల్ల మీద రాసింది గంట కొట్టగానే డస్టర్ కింద పోతుంది. ప్యానెల్ మీద రాసింది సేవ్ అవుతుంది. రోజూ ఆఖర్లో ఒక్క బటన్ నొక్కి ఆ పేజీలను పీడీఎఫ్ చేసి తేదీ, పాఠం పేరు పెట్టి ఫోల్డర్‌లో వేస్తే, నెల తర్వాత వచ్చిన పిల్లకు నాలుగు సాయంత్రాలు కూర్చుని చూసుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. వాళ్ల నాన్న ఫోన్‌కు వాట్సాప్‌లో పంపొచ్చు. పుణె దగ్గర సైట్ మీద ఉన్నా తెరిచి చూడొచ్చు. ఇది వలసను ఆపదు, పత్తి చేనుకు పోవడాన్నీ ఆపదు. కానీ 'నేను వెనకబడిపోయిన, ఇంక నాతోని కాదు' అన్న మాటను కొంత ఆలస్యం చేస్తుంది. నా లెక్కలో ప్యానెల్ ఫీచర్లన్నిటిలో విలువైనది ఇదే. దీన్ని వాడేవాళ్లు తక్కువ.

పిల్లకో ట్యాబ్ ఇస్తే సరిపోదా?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. పక్క రాష్ట్రం ఆ దారిలో వెళ్లింది. 2022 డిసెంబర్ 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టింది. లోపల బైజూస్ పాఠాలు. రెండేళ్లు తిరక్కుండానే బైజూస్ కంపెనీ దివాలా కేసులో చిక్కుకుంది. గ్యాడ్జెట్ బతికి ఉన్నా, లోపలి పాఠం ఎవరిదో, రేపు దాన్ని అప్‌డేట్ చేసేదెవరో తెలియకపోతే ఎలా ఉంటుందో అందరికీ అర్థమైంది.

పాకిస్థాన్ పంజాబ్‌లో ఎనిమిదో తరగతి లెక్కలు, సైన్సు మీద జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు 2022లో అచ్చయ్యాయి. ఒక గుంపు బడుల్లో క్లాసుకు ఒక తెర పెట్టి, చిన్న చిన్న వీడియోలు ఇచ్చి, టీచర్‌ను మధ్యలో ఉంచి నడిపించారు. ఇంకో గుంపులో అదే పాఠాన్ని పిల్లలకు ట్యాబ్‌లో ఇచ్చారు. మొదటి గుంపు పిల్లల మార్కులు పెరిగాయి. ట్యాబ్ గుంపులో మార్కులు తగ్గాయి. పాఠం ఒకటే, తేడా అంతా మధ్యలో టీచర్ ఉన్నారా లేదా అన్నదే.

అయితే ట్యాబ్‌లు, కంప్యూటర్లు ఎప్పుడూ దండగ అని కాదు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద కార్తీక్ మురళీధరన్ బృందం చేసిన అధ్యయనంలో నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో మంచి మెరుగుదల కనిపించింది. ఆ సాఫ్ట్‌వేర్ పిల్ల ఏ క్లాసులో ఉందని చూడదు, ఏ స్థాయిలో ఉందో చూసి అక్కడి నుంచి మొదలుపెడుతుంది. ఎనిమిదో తరగతిలో ఉండి భాగహారం రాని పిల్లకు భాగహారమే నేర్పుతుంది. చేయగలిగిన లెక్క దొరికినప్పుడే పిల్లకు ఇంకోటి చేయాలనిపిస్తుంది. ప్యానెల్‌కు ఆ తెలివి లేదు. అది నలభై మందికీ ఒకటే చూపిస్తుంది. ఆ లోటు పూడ్చాల్సింది టీచరే.

మీ బడికి కొంటున్నారా? ఇవి చూడండి

స్కూల్ కమిటీలో ఉన్నవాళ్లకు, ప్రైవేటు స్కూల్ యాజమాన్యాలకు, ఊరి బడికి ప్యానెల్ కొనిద్దామనుకునే ఎన్నారైలకు నా చెక్‌లిస్ట్:

• ఆన్ అవడానికి ఎంతసేపు? స్విచ్ వేసిన దగ్గర్నుంచి రాయడం మొదలుపెట్టే దాకా వాచీ పెట్టి చూడండి. రెండు నిమిషాలు దాటితే సార్లు చాక్‌పీస్ తీసుకుంటారు. అందులో వాళ్ల తప్పేం లేదు.

• కరెంటు పోతే? ఈ సైజు ప్యానెల్ సుమారు 200 వాట్లు తాగుతుందనుకుంటే రోజుకు నాలుగు గంటలకు ముప్పావు యూనిట్ పైమాటే. 2024 సెప్టెంబర్ 5న ప్రభుత్వ విద్యాసంస్థలకు ఉచిత కరెంటు ప్రకటించారు కాబట్టి బిల్లు బెంగ తగ్గింది. కానీ కోతలకు, వోల్టేజీ హెచ్చుతగ్గులకు స్టెబిలైజర్, యూపీఎస్ వేరుగా ఉండాల్సిందే.

• టచ్ ఏ రకం? చాలా ప్యానెళ్లలో ఫ్రేమ్ చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు ఉంటాయి. పక్కనే బోర్డు మీద రాస్తే చాక్‌పీస్ పొడి ఆ అంచుల్లో పేరుకుంటుంది. అప్పుడు తాకకపోయినా తాకినట్టు, తాకినా తాకనట్టు చేస్తుంది. వారానికోసారి పొడి గుడ్డతో అంచులు తుడిస్తే చాలు. సర్వీస్ ఇంజినీర్‌ను పిలిచే ముందు ఈ పని చేయండి.

• తెలుగు రాసి చూడండి. డెమోకు వచ్చినాయన ఇంగ్లిష్‌లో 'హలో' రాసి చూపిస్తాడు. మీరు 'లక్ష్మి', 'స్వాతంత్ర్యం', 'కృష్ణా' రాయండి. ఒత్తులు సరిగా పడుతున్నాయా, గీత చేతి వెంటే వస్తోందా లేక వెనకబడుతోందా చూడండి.

• నెట్ తీసేసి వాడండి. వైఫై ఆపేస్తే ఏమేం నడుస్తాయి? పాఠాలు ప్యానెల్ లోపలే ఉండాలి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఉండాలి.

• సర్వీస్ ఎక్కడి నుంచి వస్తుంది? వారంటీ ఎన్నేళ్లు అన్నదానికన్నా, ఫోన్ చేస్తే అచ్చంపేటకు మనిషి ఎన్ని రోజుల్లో వస్తాడో కాగితం మీద రాయించుకోండి.

• కిటికీ ఎటు ఉంది? ఎదురుగా వెలుతురు పడితే ఎంత మంచి డిస్‌ప్లే అయినా అద్దమే. బిగించే గోడను ఎంచుకోవడం ఫ్రీ.

రిపేర్ ఖర్చు మాట కూడా చెప్పాలి. 101 నుంచి 250 మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష కింద ఏడాదికి వచ్చే కాంపోజిట్ గ్రాంట్ 50 వేల రూపాయలు. చాక్‌పీసుల నుంచి చిన్న చిన్న రిపేర్ల దాకా అన్నీ అందులోనే. వారంటీ అయ్యాక ప్యానెల్ మదర్‌బోర్డు పోతే ఆ గ్రాంట్‌లోంచి తీయడం హెచ్‌ఎంకు కత్తిమీద సామే. 'పాడైతే ఎవరి మీద పడుతుందో' అన్న భయంతో తాళం వేసి ఉంచే ప్యానెల్ వెనక ఉన్న కారణం ఇదే. కొనేటప్పుడే ఐదేళ్ల మెయింటెనెన్స్ డబ్బు కలపకపోతే ఆ తాళాన్ని తిట్టే హక్కు మనకు లేదు.

ఫైనల్‌గా: తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. నా ఓటు ప్యానెల్‌కే. రాసింది దాచుకోగలగడం, తప్పు చేసి చూడగలిగే సిమ్యులేషన్లు, తన ఊరిని తెర మీద చూసుకునే అవకాశం, ఇవి గ్రామీణ బడి పిల్లకు చిన్న విషయాలు కావు. కార్పొరేట్ స్కూల్ పిల్లకు దొరికేది తనకూ దొరికిందన్న భావన కూడా చిన్నది కాదు. కానీ మూడు షరతులు.

ఒకటి, ప్రతి వంద రూపాయల హార్డ్‌వేర్ కొనుగోలులో కొంత భాగం టీచర్ల శిక్షణకు పక్కన పెట్టాలి. ఒక పూట డెమో శిక్షణ కాదు. సబ్జెక్టుల వారీగా, ఇప్పటికే బాగా వాడుతున్న తోటి టీచర్ల దగ్గర కూర్చుని నేర్చుకునేలా ఉండాలి. రెండు, పాఠాలు ఎవరైనా తెరవగలిగే ఫార్మాట్‌లో, బడి సొంతంగా ఉండాలి. కంపెనీ మూతపడినా పాఠం మూతపడకూడదు. మూడు, ఇన్‌స్పెక్షన్‌లో 'ప్యానెల్ ఎన్ని గంటలు ఆన్‌లో ఉంది' అని అడగడం మానేసి, 'ఈ వారం ఎంతమంది పిల్లలు దాని దగ్గరికి వచ్చారు, రానివాళ్లు ఎలా జవాబిచ్చారు' అని అడగాలి.

తల్లిదండ్రులకు ఒక చిన్న సలహా. సాయంత్రం పిల్ల ఇంటికొచ్చాక 'ఈరోజు టీవీలో ఏం చూపించిండ్రు?' అని అడగకండి. 'ఈరోజు సార్ నిన్నేం అడిగిండు, నువ్వేం చెప్పినవ్?' అని అడగండి. రెండో ప్రశ్నకు జవాబు దొరికితే మీ బడి ప్యానెల్ బాగా పనిచేస్తున్నట్టే. దొరక్కపోతే, అది ఎన్ని అంగుళాలదైనా ఒకటే.